ఫ్రేజల్ వెర్బ్‌ని పాసివ్ వాయిస్‌లో తోక తెగకుండా వాడటం ఎలా?

శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సులో పావుగంట నిలబడండి. “మీటింగు ఆపీసినారట”, “రోడ్డు తవ్వీసినారు”, “మా వీధిలో కరెంటు తీసీసినారు” లాంటి మాటలు చెవిన పడతాయి. ఎవరు ఆపారు, ఎవరు తవ్వారు అన్నది చెప్పేవాళ్లు చెప్పరు, వినేవాళ్లు అడగరు. ఆ సంగతి ఎవరికీ అక్కర్లేదు, జరిగిన పనే కావాలి. ఇంగ్లీషులో పాసివ్ వాయిస్ పుట్టింది సరిగ్గా ఈ అవసరం కోసమే. మనకి బళ్లో నేర్పిన ‘రామునిచేత రావణుడు చంపబడెను’ వల్ల వచ్చిన చిక్కేమిటంటే, ఆ ‘బడెను’ మనం నోటితో ఎప్పుడూ అనం. దాంతో పాసివ్ అనేది పరీక్షకి తప్ప దేనికీ పనికిరాదన్న అభిప్రాయం పడిపోయింది. అందుకని ‘బడెను’ని పక్కన పెట్టి, కాంప్లెక్సులో వినిపించే తెలుగు నుంచే మొదలుపెడదాం.

ముందే ఒక మాట. ఇక్కడ ఇంగ్లీషు వాక్యాలను తెలుగు లిపిలోనే రాస్తున్నాను, మీరు నోట్సులో ఇంగ్లీషులో రాసుకోండి. ‘ఆఫ్’ అని ఉన్నచోట రెండు ఎఫ్‌లు వేయాలి. ‘ఆవ్’ అని ఉన్నచోట ఒకటే ఎఫ్. ఈ రెండూ వేరు వేరు మాటలు, కలిపేయకండి.

మొదటి అడుగు: తోకని గుర్తుపట్టండి

‘కాల్’ అంటే పిలవడం, ‘కాల్ ఆఫ్’ అంటే రద్దు చేయడం. ‘పుట్’ అంటే పెట్టడం, ‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా వేయడం. ‘టర్న్’ అంటే తిప్పడం, ‘టర్న్ డౌన్’ అంటే కుదరదని చెప్పేయడం. వెనకున్న ఆ చిన్న మాటని గ్రామర్ పుస్తకాలు పార్టికల్ అంటాయి. నేను తోక అంటాను. క్రియా తోకా కలిస్తే అదే ఫ్రేజల్ వెర్బ్. అర్థమంతా తోకలోనే ఉంటుంది కాబట్టి, ‘కాల్ ఆఫ్’ని రెండు మాటలుగా కాకుండా ఒకే క్రియగా గుర్తుపెట్టుకోండి.

పాసివ్‌లోకి మార్చేటప్పుడు మనవాళ్లు ఎక్కువగా పోగొట్టుకునేది ఈ తోకనే. పోతే ఏమవుతుందో చూడండి. “ద మీటింగ్ వాజ్ కాల్డ్ ఆఫ్” అంటే మీటింగు రద్దు చేశారు. “ద మీటింగ్ వాజ్ కాల్డ్” అంటే మీటింగు పెట్టారు. రెండోది వ్యాకరణం ప్రకారం తప్పేమీ కాదు, కాకపోతే అర్థం అడ్డం తిరిగింది. మీరు రద్దయిందని మెసేజ్ పెట్టాననుకుంటారు, అవతలివాళ్లు తయారై వచ్చేస్తారు.

రెండో అడుగు: ‘దేన్ని?’ అని అడగండి

పాసివ్‌కి ఆబ్జెక్ట్ ఉండాలి. క్రియ ముందు ‘దేన్ని?’ లేదా ‘ఎవర్ని?’ అన్న ప్రశ్న వేయండి. జవాబు వస్తే పాసివ్ అవుతుంది, రాకపోతే కాదు. దేన్ని వాయిదా వేశారు? పరీక్షని. అయితే “ది ఎగ్జామ్ వాజ్ పుట్ ఆఫ్”. దేన్ని కూల్చేశారు? పాత గోడని. అయితే “ది ఓల్డ్ వాల్ వాజ్ పుల్డ్ డౌన్”.

ఇప్పుడు “బస్సు ఆగిపోయింది” తీసుకోండి. దేన్ని ఆగిపోయింది? ఆ ప్రశ్నే అతకదు. బస్సు తనంతట తాను ఆగింది, కనుక “ద బస్ బ్రోక్ డౌన్” అంటే చాలు. “వాజ్ బ్రోకెన్ డౌన్” అనకూడదు. అదే, తాళం పడిపోయిన గది తలుపుని నలుగురూ కలిసి బద్దలుకొట్టారనుకోండి. అక్కడ ‘దేన్ని?’కి జవాబు ఉంది, కాబట్టి “ద డోర్ వాజ్ బ్రోకెన్ డౌన్” సరైన వాక్యం. ఒకే ఫ్రేజల్ వెర్బ్ ఒక అర్థంలో పాసివ్‌కి ఒప్పుకుని, ఇంకో అర్థంలో ఒప్పుకోకపోవచ్చు. కాబట్టి పాసివ్ అయ్యేవీ కానివీ అని రెండు లిస్టులు రాసుకుని బట్టీపడితే లాభం లేదు. వాక్యం వచ్చిన ప్రతిసారీ ‘దేన్ని?’ అని అడగడమే పద్ధతి.

దీనికి మంచి ఉదాహరణ క్రికెట్‌లో దొరుకుతుంది. ఇంట్లో గ్యాస్ అయిపోతే “ద గ్యాస్ రాన్ ఔట్”. ఇక్కడ పాసివ్ లేదు. బ్యాట్స్‌మన్‌ని రనౌట్ చేస్తే “హీ వాజ్ రన్ ఔట్”. ఇది పక్కా పాసివ్, తోకతో సహా. ‘రన్’ మూడో రూపం కూడా ‘రన్’ కావడంతో ఎవరికీ అనుమానం రాదు. టీమంతా ఔటైతే “దే వర్ బౌల్డ్ ఔట్”. వాన పడి ఆట సాగకపోతే “ద మ్యాచ్ వాజ్ వాష్డ్ ఔట్”. గ్రామర్ అంటే భయపడే కుర్రాళ్లు కూడా టీవీ ముందు కూర్చుని ఫ్రేజల్ వెర్బ్ పాసివ్‌లని తడుముకోకుండా వాడేస్తుంటారు.

‘పెరిగాను’, ‘పెంచారు’ జంట కూడా ఇలాంటిదే. “నేను బొబ్బిలిలో పెరిగాను” అంటే “ఐ గ్రూ అప్ ఇన్ బొబ్బిలి”. “నన్ను మా అమ్మమ్మ పెంచింది” అంటే “ఐ వాజ్ బ్రాట్ అప్ బై మై గ్రాండ్‌మదర్”. ‘గ్రో అప్’కి పాసివ్ లేదు, ‘బ్రింగ్ అప్’కి ఉంది. ఇంటర్వ్యూలో మీ గురించి చెప్పమంటే మొదట పనికొచ్చే వాక్యాలివే. అక్కడ “ఐ వాజ్ గ్రోన్ అప్ ఇన్ బొబ్బిలి” అంటే బోర్డులో కూర్చున్నవాళ్ల పెన్ను ఒక్క క్షణం ఆగుతుంది.

ఇంతవరకు తెలుగు మనకి దారి చూపించింది: ‘చేశారు, తీసేశారు’ అంటే పాసివ్, ‘ఆగిపోయింది, పెరిగింది’ అంటే కాదు. అయితే ఒక్కచోట తెలుగు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఉత్తరాంధ్రవాళ్లకి తరచూ అవసరమయ్యే చోటు కూడా అదే: వరద, తుఫాను.

“నాగావళి పొంగి గట్టు కొట్టుకుపోయింది” అంటాం. చివర ‘పోయింది’ ఉంది కాబట్టి “ద బండ్ వాష్డ్ అవే” అని రాయాలనిపిస్తుంది. ఇంగ్లీషు అలా చూడదు. గట్టు తనంతట తాను ఎక్కడికీ పోలేదు, దాన్ని నీళ్లు తీసుకెళ్లాయి. కాబట్టి “ద బండ్ వాజ్ వాష్డ్ అవే”. “రేకులు ఎగిరిపోయాయి” అంటే వాటిని గాలి లేపేసింది, కాబట్టి “ద షీట్స్ వర్ బ్లోన్ ఆఫ్”. “ఊరికి రాకపోకలు తెగిపోయాయి” అంటే “ద విలేజ్ వాజ్ కట్ ఆఫ్”. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లు కూలిపోయాయి కదా, దాన్ని “ద కోకొనట్ ట్రీస్ వర్ బ్లోన్ డౌన్” అంటారు. తెలుగులో నాలుగింటికీ ‘పోయింది, పోయాయి’, ఇంగ్లీషులో నాలుగూ పాసివ్. గాలి, నీరు, నిప్పు చేసిన నష్టాన్ని చెప్పేటప్పుడు ‘దీన్ని ఇలా చేసిందేమిటి?’ అని ఇంకో ప్రశ్న కూడా వేసుకోండి. జవాబుగా తుఫానో వరదో వస్తే పాసివ్ వైపు వెళ్లండి. పంట నష్టం అర్జీ ఇంగ్లీషులో రాయాల్సివస్తే ఈ ఒక్క విషయం చాలా అక్కరకొస్తుంది.

మూడో అడుగు: వాక్యం కట్టండి

ఇది తేలిక. ఆబ్జెక్ట్‌ని ముందుకి తీసుకురండి. తర్వాత కాలానికి తగిన ‘బి’ రూపం (ఈజ్, ఆర్, వాజ్, వర్ లాంటిది) వేయండి. తర్వాత క్రియ మూడో రూపం, దాన్ని అంటిపెట్టుకుని తోక. అంతే.

నిజానికి యాక్టివ్ కన్నా పాసివ్‌లోనే ఫ్రేజల్ వెర్బ్ సులువు. యాక్టివ్‌లో “పుట్ ఆఫ్ ది ఎగ్జామ్” అనొచ్చు, “పుట్ ది ఎగ్జామ్ ఆఫ్” అనొచ్చు, ‘ఇట్’ వస్తే మాత్రం “పుట్ ఇట్ ఆఫ్” అనే అనాలి. ఎక్కడ విడదీయాలో ఎక్కడ కలపాలో అని ఒకటే ఆలోచన. పాసివ్‌లో ఆబ్జెక్ట్ ముందుకి వెళ్లిపోయింది కాబట్టి మధ్యలో దూరేదేమీ లేదు. “ది ఎగ్జామ్ వాజ్ పుట్ ఆఫ్”, “ఇట్ వాజ్ పుట్ ఆఫ్”. ఎప్పుడూ ఒకటే వరస.

కాలం మారితే మారేది ‘బి’ ఒక్కటే. క్రియా తోకా కదలవు. రోడ్డు తవ్వడం మీదే చూద్దాం, మన ఊళ్లలో దానికి కొదవలేదు. ఏటా తవ్వుతుంటారు: “ద రోడ్ ఈజ్ డగ్ అప్ ఎవ్రీ ఇయర్”. ఇప్పుడు తవ్వుతున్నారు: “ద రోడ్ ఈజ్ బీయింగ్ డగ్ అప్”. నిన్న తవ్వారు: “ద రోడ్ వాజ్ డగ్ అప్ యెస్టర్‌డే”. తవ్వేసి ఉంచారు: “ద రోడ్ హాజ్ బీన్ డగ్ అప్”. తవ్వుతారట: “ద రోడ్ విల్ బి డగ్ అప్”. మళ్లీ తవ్వొచ్చు: “ద రోడ్ మే బి డగ్ అప్ అగైన్”. వీటిలో ‘ఈజ్ బీయింగ్’ దగ్గరే ఎక్కువమంది తడబడతారు. “ద రోడ్ ఈజ్ డిగ్గింగ్” అని రాస్తే రోడ్డే గునపం పట్టుకుని తవ్వుతోందన్నమాట.

మూడో రూపాలు మాత్రం నోటికి రావాలి, దీనికి దగ్గరి దారి లేదు. ‘పుట్, కట్, సెట్, షట్, లెట్’ మారవు. ‘బ్రింగ్’ది ‘బ్రాట్’, ‘హోల్డ్’ది ‘హెల్డ్’, ‘లీవ్’ది ‘లెఫ్ట్’, ‘సెల్’ది ‘సోల్డ్’. ‘టేక్, గివ్, బ్రేక్’లకి ‘టేకెన్, గివెన్, బ్రోకెన్’. ‘త్రో, బ్లో’లకి ‘త్రోన్, బ్లోన్’. ఫ్రేజల్ వెర్బ్‌లలో తిరిగేవి ఎక్కువగా ఈ చిన్న చిన్న పాత క్రియలే కాబట్టి ఓ ఇరవై వచ్చేస్తే చాలా దూరం వెళ్లొచ్చు.

నాలుగో అడుగు: తోక పక్కన ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

‘పూర్తిగా’, ‘బాగా’ లాంటి మాటలు క్రియకీ తోకకీ మధ్యలో దూరకూడదు, క్రియకి ముందు రావాలి. “ద బండ్ వాజ్ కంప్లీట్లీ వాష్డ్ అవే” సరైనది. “ద చిల్డ్రన్ ఆర్ వెల్ లుక్డ్ ఆఫ్టర్” సరైనది. ‘లుక్డ్ వెల్ ఆఫ్టర్’ అంటే తోక తెగినట్టే.

‘బై’ తోక తర్వాతే వస్తుంది. మనవాళ్లకి అసలు భయం ఇక్కడే. “ద బాయ్స్ లాఫ్డ్ ఎట్ ది ఓల్డ్ మ్యాన్” అన్న వాక్యాన్ని మార్చమంటారు, పోటీ పరీక్షల్లో దీని చుట్టాలు తెగ కనిపిస్తాయి. జవాబు “ది ఓల్డ్ మ్యాన్ వాజ్ లాఫ్డ్ ఎట్ బై ద బాయ్స్”. ‘ఎట్’, ‘బై’ రెండూ పక్కపక్కనే కనిపించేసరికి ఏదో తేడాగా ఉందని ‘ఎట్’ని కొట్టేస్తారు. పేపర్ తయారుచేసేవాళ్లు ‘ఎట్’ లేని ఆప్షన్ ఒకటి పెట్టేది కూడా అందుకే. ‘ఎట్’ క్రియ తోక, ‘బై’ చేసినవాళ్ల గుర్తు. రెండింటికీ సంబంధం లేదు, రెండూ ఉండాల్సిందే. అలాగే “షి ఈజ్ లుక్డ్ ఆఫ్టర్ బై హర్ సన్”, “ద మ్యాటర్ వాజ్ డెల్ట్ విత్ బై ద సర్పంచ్”.

పరీక్ష బయట మాత్రం ‘బై’ వేయాల్సిన అవసరం చాలా తక్కువ. చేసినవాళ్లెవరో తెలియకపోతేనో, చెప్పక్కర్లేకపోతేనో కదా పాసివ్ వాడుతున్నాం! “బై సమ్‌బడీ”, “బై దెమ్” అని చివర తగిలించడం పుస్తకాల అలవాటు, వదిలేయండి. ఇంకొకటి కూడా చూసుకోండి: “ద ఫామ్ మస్ట్ బి హ్యాండెడ్ ఇన్ బై ఫ్రైడే” అన్నప్పుడు ‘బై’ గడువుని చెబుతోంది. శుక్రవారం ఫారం ఇచ్చేది కాదు, శుక్రవారంలోగా ఇవ్వాలి.

కొన్నిటికి తోక రెండు మూడు ముక్కలుంటుంది. అన్నిటినీ మోసుకెళ్లాలి. “ది ఓల్డ్ రూల్ వాజ్ డన్ అవే విత్” అంటే పాత నిబంధన తీసేశారు. “హీ వాజ్ లుక్డ్ డౌన్ ఆన్” అంటే అతన్ని చిన్నచూపు చూశారు. ‘టేక్ కేర్ ఆవ్’, ‘మేక్ ఫన్ ఆవ్’ కూడా ఇదే దారి: “ద లగేజ్ వాజ్ టేకెన్ కేర్ ఆవ్”. వాక్యం ‘ఆవ్’తోనో ‘విత్’తోనో ముగిసిందని కంగారుపడకండి, అది తప్పు కాదు. అయితే వీటికి ‘బై’ కూడా తగిలిస్తే వాక్యం ఈడ్చుకుంటూ నడుస్తుంది. అప్పుడు యాక్టివ్‌లో చెప్పేయడమే హాయి.

ఆబ్జెక్ట్ ఉన్నట్టే కనిపించి పాసివ్‌కి రాని మొండివి కూడా కొన్ని ఉన్నాయి. ‘టేక్ ఆఫ్టర్’ అంటే పోలిక రావడం. “షి టేక్స్ ఆఫ్టర్ హర్ మదర్” అంటాం, దీన్ని తిరగేయలేం. ‘రన్ ఇంటు’ అంటే అనుకోకుండా తారసపడటం. “ఐ రాన్ ఇంటు మై టీచర్ ఎట్ అరసవల్లి” బాగుంది. “మై టీచర్ వాజ్ రన్ ఇంటు” అంటే ఆయన్ని ఏదో బండి గుద్దేసిందనుకుంటారు.

ఐదో అడుగు: ఎక్కడ వాడాలో తెలుసుకోండి

అన్నిటికంటే లాభం అర్జీల్లో, ఈమెయిళ్లలో. “మీరు నా పేరు వదిలేశారు” అంటే ఎదుటివాళ్లకి గుచ్చుకుంటుంది. తెలుగులో మనం తెలివిగా “నా పేరు రాలేదండి” అంటాం. ఇంగ్లీషులో ఆ మర్యాదే పాసివ్: “మై నేమ్ హాజ్ బీన్ లెఫ్ట్ ఔట్ ఆవ్ ద లిస్ట్”. ఉన్న పేరు తీసేస్తే “మై నేమ్ వాజ్ టేకెన్ ఆఫ్ ద లిస్ట్”. ఈ రెండు వాక్యాల్లో మొదటిది ‘ఆవ్’, రెండోది ‘ఆఫ్’. నోట్సులో అండర్‌లైన్ చేసుకోండి. భూముల సర్వే గురించి రాయాలంటే “ద సర్వే వాజ్ క్యారీడ్ ఔట్ ఇన్ అవర్ విలేజ్, బట్ మై ల్యాండ్ వాజ్ లెఫ్ట్ ఔట్”. ఎవరినీ వేలెత్తి చూపలేదు, విషయం మాత్రం పూర్తిగా చెప్పారు.

అయితే తహసీల్దారుకి రాసే కాగితంలో అన్ని ఫ్రేజల్ వెర్బ్‌లూ నప్పవు. ‘లెఫ్ట్ ఔట్’, ‘క్యారీడ్ ఔట్’, ‘సెట్ అప్’, ‘ఫిల్డ్ ఇన్’, ‘హ్యాండెడ్ ఓవర్’ ఆఫీసు కాగితాల్లో నిక్షేపంగా నడుస్తాయి. ‘పుట్ ఆఫ్’, ‘కాల్డ్ ఆఫ్’, ‘టర్న్డ్ డౌన్’ కొంచెం మాటల ధోరణి. అక్కడ ‘పోస్ట్‌పోన్డ్’, ‘క్యాన్సిల్డ్’, ‘రిజెక్టెడ్’ రాస్తేనే బాగుంటుందని నా అభిప్రాయం. స్నేహితుడికి మెసేజ్ పెట్టేటప్పుడు మాత్రం దీనికి తలకిందులు. “వీ గాట్ హెల్డ్ అప్ ఎట్ ద రైల్వే గేట్” అని ‘వర్’ బదులు ‘గాట్’ కూడా వేసేయొచ్చు. అర్జీలో ఆ ‘గాట్’ వద్దు.

మన జిల్లాల చరిత్ర చెప్పడానికి కూడా పాసివ్ తప్పదు. ‘కార్వ్ ఔట్’ అంటే పెద్దదాన్నుంచి కొంత విడదీసి కొత్తది చేయడం. శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది: “శ్రీకాకుళం వాజ్ కార్వ్డ్ ఔట్ ఆవ్ విశాఖపట్నం ఇన్ 1950”. 1979లో విజయనగరం జిల్లా, శ్రీకాకుళం నుంచి కొంత, విశాఖపట్నం నుంచి కొంత తీసుకుని ఏర్పడింది. 2022లో పార్వతీపురం మన్యం జిల్లా వచ్చింది. ఆ రెండు వాక్యాలు మీరే కట్టండి, ఊరి పేర్లు మారతాయి తప్ప క్రియ మారదు. విజయనగరం సంగీత కళాశాల గురించి చెప్పాలంటే “ద మ్యూజిక్ కాలేజ్ వాజ్ సెట్ అప్ ఇన్ 1919”. దానికి మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. తర్వాత ఆ బాధ్యత తీసుకున్న ద్వారం వెంకటస్వామి నాయుడి పేరు చెప్పి తీరాలి కాబట్టి, ఇక్కడ ‘బై’ వేయడం న్యాయం: “ద పోస్ట్ వాజ్ టేకెన్ ఓవర్ బై ద్వారం వెంకటస్వామి నాయుడు”.

ఇక చేతిరాత పని

కింది వాక్యాలను ముందు మీరు రాయండి, తర్వాత జవాబులు చూడండి. ఒకటి, పైడితల్లమ్మ సిరిమాను రోజు బళ్లు వెనక్కి పంపేస్తారు. రెండు, గొట్టా బ్యారేజీ నుంచి నీళ్లు వదిలేశారు. మూడు, తగవు తేల్చేశారు. నాలుగు, తాళాలు ఇంకా అప్పగించలేదు. ఐదు, మందస కోవా అంతా అమ్ముడైపోయింది. ఆరు, భారీ వర్షం పడదని చెప్పలేం. ఏడు, చెప్పాపెట్టకుండా చుట్టాలు దిగారు.

మొదటిది “వెహికిల్స్ ఆర్ టర్న్డ్ బ్యాక్ ఆన్ సిరిమాను డే”. ఏటా జరిగేది కాబట్టి ‘ఆర్’. రెండోది “వాటర్ వాజ్ లెట్ ఔట్ ఆవ్ గొట్టా బ్యారేజ్”. మూడోది “ద క్వారెల్ వాజ్ సార్టెడ్ ఔట్”. నాలుగోది “ద కీస్ హావ్ నాట్ బీన్ హ్యాండెడ్ ఓవర్ యెట్”. ‘నాట్’ ఎక్కడ కూర్చుందో చూడండి, ‘హావ్’ పక్కన. తోక జోలికి రాలేదు. ఐదోది “ద కోవా ఈజ్ సోల్డ్ ఔట్”. తెలుగులో ‘పోయింది’ ఉన్నా ఇంగ్లీషులో పాసివ్ రూపం వచ్చింది, గట్టు కొట్టుకుపోయినట్టే. ఆరోది “హెవీ రెయిన్ క్యానాట్ బి రూల్డ్ ఔట్”. వాతావరణ వార్తల్లో వినే ఉంటారు. ఏడోదానికి పాసివ్ రాసి ఉంటే రెండో అడుగు మళ్లీ చదవండి. దేన్ని దిగారు? జవాబు లేదు. “ద రిలేటివ్స్ టర్న్డ్ అప్ వితౌట్ టెల్లింగ్ అజ్”, అంతే.